గోడ ఎక్కడ లేవాలో జన్యువులో రాసి లేదు

డీఎన్‌ఏ చదివేస్తే ప్రాణి మొత్తం అర్థమైపోతుందనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. బడిలో పాఠం విన్నా, జన్యు పరీక్షల ప్రకటన చూసినా అదే మాట: ఇంజనీరు గీసిన ప్లానులా అంతా ముందే రాసి ఉంది, కణం దాన్ని చూసుకుంటూ కట్టుకుపోతుంది. ఈ మాట తప్పు. ఆ సంగతి తేల్చుకోవడానికి మనిషి మెదడు దాకా పోనక్కర్లేదు, మట్టిలో బతికే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా చాలు.

తిండి కరువైతే ఈ బాక్టీరియా సిద్ధబీజాన్ని, అంటే స్పోరును తయారుచేస్తుంది. కణం లోపల ఓ చివరన అడ్డుగోడ లేస్తుంది. పెద్ద భాగం చిన్న భాగాన్ని మింగేస్తుంది. కడుపులో పడ్డ ఆ పిల్ల కణం చుట్టూ తల్లి కణం పొరలు పొరలుగా ప్రొటీన్ కవచం అల్లి, చివరికి తాను పగిలి చచ్చిపోతుంది. స్పోరు వేడిని తట్టుకునేది ముఖ్యంగా దాని నడిబొడ్డున నీరు తక్కువ కావడం వల్ల. కానీ లైసోజైమ్ వంటి ఎంజైములనూ, స్పోర్లను మింగి అరిగించుకోగల ఏకకణ జీవులనూ అడ్డుకునేది ఈ కవచమే. ఇందులో దాదాపు 70 రకాల ప్రొటీన్లున్నాయి.

అన్నీ తల్లి కణంలోనే తయారవుతాయి. తల్లికి తన సొంత పొర ఉంది, లోపలి పిల్ల చుట్టూ మరో పొర ఉంది. కవచం పిల్ల మీదే ఎందుకు కడుతుంది? ఫలానా చోటికి వెళ్లమని చెప్పే చిరునామా ఏ జన్యువులోనూ లేదు. మొదట వచ్చి వాలేది స్పో-ఫైవ్-ఎం అనే బుల్లి ప్రొటీన్, అందులో ఉన్నవి 26 అమైనో ఆమ్లాలే. అది గుర్తుపట్టేది ఆకారాన్ని. తల్లి పొర లోపలి నుంచి చూస్తే గుంటగా ఉంటుంది, పిల్ల పొర ఉబ్బెత్తుగా ఉంటుంది. ఉబ్బెత్తు కనపడిన చోట ఇది అతుక్కుంటుంది. శాస్త్రవేత్తలు కుమరన్ రామమూర్తి, రిచర్డ్ లోసిక్ తదితరులు 2009లో ఈ సంగతి వెల్లడించారు.

తొమ్మిదో స్థానంలోని ప్రోలిన్‌ను మార్చి అలనిన్ పెడితే ఈ ప్రొటీన్‌కు ఆ విచక్షణ పోతుంది, తల్లి పొరకూ అతుక్కుంటుంది. చూశారా, జన్యువు మారితేనే కదా పని చెడింది అని అవతలివారు అంటారు. ఒప్పుకుంటాను. వంపును పసిగట్టే గుణాన్ని ఇచ్చింది జన్యువే. కానీ వంపును ఇచ్చింది ఈ జన్యువు కాదు. అది అప్పటికే అక్కడున్న పొరది, ఆ పొర మింగుడు వల్ల ఏర్పడింది. ఈ తేడాను దాటవేస్తే జీవశాస్త్రంలో సగం చెప్పనట్టే.

అనుమానం ఉన్నవారు గాజుపూసల ప్రయోగం చూడాలి. రామమూర్తి బృందమే సూక్ష్మమైన సిలికా గోళాలకు కొవ్వు పొర పూసి, ఈ ప్రొటీన్‌ను, దాని మీద కూర్చునే స్పో-ఫోర్-ఏ ప్రొటీన్‌ను చేర్చింది. రెండోదాని అణువులు కణపు ఇంధనమైన ఏటీపీని ఖర్చుచేస్తూ ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. గోళాల మీద కవచపు అడుగు పొర ఏర్పడింది. అక్కడ తల్లి కణం లేదు, జన్యువులూ లేవు.

అసలు స్పోరులో ఆ పునాది మీద లోపలి పొర, వెలుపలి పొర, అన్నిటికన్నా పైన పైపెంకు వస్తాయి. కాట్-ఈ అనే ఒక్క ప్రొటీన్ లేకపోతే వెలుపలి పొర నిలవదని లోసిక్ ప్రయోగశాల 1988లోనే చూపింది. ఆ పొరలోని మిగతా ప్రొటీన్ల జన్యువులు చెక్కుచెదరకుండా ఉన్నా వాటికి పట్టు దొరకదు. పైపెంకులోని కాట్-వైని స్పోర్లు కట్టని ఈ-కోలై బాక్టీరియాలో తయారుచేయిస్తే, తనంతట తానే షట్కోణాల అల్లికగా కూడుకుని పలకలు పలకలుగా పేరుకుంటుంది. అదే ప్రొటీన్ స్పోరు మీద పెంకుగా చుట్టుకుంటుంది. జన్యువు ఒకటే, చోటు మారింది.

జన్యువు మారిస్తే ప్రాణిని కోరినట్టు మలచవచ్చని ఇవాళ అందరూ ధీమాగా చెబుతున్నారు. స్పోరు పైన టీకా ప్రొటీన్లను నిలబెట్టాలని చూస్తున్నవారికి ఆ ధీమా చాలదు. 2001లో టెటనస్ విషంలోని ఒక ముక్కను స్పోరు పైకి తెచ్చినవారు దాన్ని కాట్-బీ అనే కవచ ప్రొటీన్‌కు జోడించారు. ఏ ప్రొటీన్ ఏ పొరలో ఎవరి ఆసరాతో నిలుస్తుందో తెలిస్తేనే అలాంటి పని సాధ్యం. ఇంటర్ విద్యార్థికి డీఎన్‌ఏ నుంచి ప్రొటీన్ దాకా చెప్పి పాఠం ఆపేస్తున్నాం. తర్వాతి పేజీ నుంచి ఈ స్పోరు కథ మొదలవ్వాలి.