సెల్లార్‌లో నిమ్ము: మిషన్ కొనే ముందు గోడను చూడండి

ముసురు పట్టి నాలుగు రోజులైతే చాలు, మా ఓపీలో పిల్లికూతలు వినిపించే ఛాతీలు ఎక్కువవుతాయి. ఈమధ్య ఓ తండ్రి ఎనిమిదేళ్ల కొడుకును తీసుకొచ్చారు. రాత్రిళ్లు దగ్గు, తెల్లవారుజామున ఆయాసం. ఎండాకాలమంతా హాయిగా ఉండే పిల్లాడు, జూలై వచ్చిందంటే మళ్లీ మొదలు. ఇన్‌హేలర్ వాడుతూనే ఉన్నారు. ‘బాబు ఎక్కడ పడుకుంటాడు?’ అని అడిగాను. ‘కింద సెల్లార్‌లో గది వేశాం సార్. చల్లగా ఉంటుందని చదువూ అక్కడే, పడకా అక్కడే’ అన్నారు. వెంటనే ఫోన్ తీసి ఓ మిషన్ బొమ్మ చూపించారు. ‘డీహ్యుమిడిఫైయర్ అట సార్. ఇది పెడితే తగ్గుతుందా?’

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు లేదు. వికారాబాద్, తాండూరుల్లో కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్న చాలామందికి ఇదే సందేహం ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మన భాషలో గోడకు పట్టినా నిమ్మే, ఛాతీకి పట్టినా నిమ్మే. అలాగని గోడలోని నీరు ఊపిరితిత్తుల్లోకి చేరదు. గదిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి ఉంటే గోడకు బూజు పుడుతుంది. పరుపుల్లో, దుప్పట్లలో కంటికి కనిపించని డస్ట్ మైట్లు పెరుగుతాయి. బూజు రేణువులు, ఈ పురుగుల విసర్జితాలు గాలిలో కలిసి ముక్కులోకి వెళితే, అలర్జీ ఉన్నవారికి తుమ్ములు, ఉబ్బసం తిరగబెడతాయి. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో శ్వాస సమస్యలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. తేమను 50 శాతం దగ్గరకు తెస్తే ఈ పురుగులు బతకడం కష్టం. కాబట్టి తేమ తగ్గించాలన్న ఆ తండ్రి ఆలోచన సరైనదే. అయితే మిషన్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవాలి. తాండూరు వైపు నల్లరేగడి. కందికి పేరు తెచ్చిన ఆ నేల వాన నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నేలలో తవ్వి కట్టిన సెల్లార్ గోడకు వానాకాలమంతా బయటి నుంచి నీరు ఆనుకునే ఉంటుంది. ఇక మన ఇళ్లలో పరిచే నాపరాయి చల్లగా ఉంటుంది. వానాకాలపు తడిగాలి దానికి తగలగానే, చల్లని నీళ్ల గ్లాసు బయట చెమర్చినట్టు నేల చెమరుస్తుంది.

ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఉంది. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు గానీ నేలకు గానీ అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం కింద తడి ఉంటే నీరు మట్టిలోంచి వస్తున్నట్టు. పైన తడి ఉంటే గాలిలోని తేమ. మొదటిదైతే మిషన్ ఎంత లాగినా గోడ మళ్లీ తాగుతూనే ఉంటుంది. డాబా మీది వాన నీటి గొట్టాన్ని పునాదికి దూరంగా మళ్లించడం, ఇంటి చుట్టూ నేలకు బయటివైపు వాలు పెట్టడం, కారే పైపును బాగు చేయడం, వాటర్‌ప్రూఫింగ్ చేయించడం ముందు జరగాలి. బూజు మీద రంగు వేసి కప్పేస్తే రెండు నెలల్లో పెచ్చు లేస్తుంది.

ఆ తర్వాత కూడా గాలిలో తేమ ఉందనుకోండి. కొన్ని వందల రూపాయలకు తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది. వారం రోజులు చూడండి. ఎప్పుడూ 65, 70 దాటి ఉంటేనే మిషన్ అవసరం. ఇంట్లో ఏసీ ఉంటే ముందు దానిలోని డ్రై మోడ్ వాడి చూడండి.

కొనేటప్పుడు మూడు రకాలు కనిపిస్తాయి. రెండు, మూడు వేలకు వచ్చే చిన్న డబ్బాలు పెల్టియర్ రకం. రోజంతా తిరిగినా అర లీటరు నీరు తీయడమే గొప్ప. బీరువాకు పనికొస్తాయి గానీ గదికి కాదు. డెసికెంట్ రకం చలి దేశాలకు తగినది. కరెంటు ఎక్కువ తాగుతుంది. మన వానాకాలపు వాతావరణానికి కంప్రెసర్ రకమే సరైనది. మామూలు గదికి రోజుకు 10-12 లీటర్లు తీసేది సరిపోతుంది.

కరెంటు సంగతి తేల్చడానికి చిన్న లెక్క చాలు. ఏసీ, ఫ్రిజ్‌ల మీద కనిపించే స్టార్ల లేబుల్ దీనిపై సాధారణంగా ఉండదు. కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని లీటర్లు తీస్తుందో మీరే లెక్కేయండి. రోజుకు 12 లీటర్లు తీసే మిషన్ 250 వాట్లు వాడితే, 24 గంటలకు 6 యూనిట్లు. అంటే యూనిట్‌కు 2 లీటర్లు. ఇది ఎంత ఎక్కువైతే అంత మేలు. అయితే డబ్బాపై రాసే లీటర్లు 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ దగ్గర కొలిచినవై ఉంటాయి. గది పొడిబారే కొద్దీ అందులో సగం వచ్చినా ఆశ్చర్యం లేదు. అదే మిషన్ రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 90 యూనిట్లు. దానితో మీ స్లాబు మారుతుందేమో పాత బిల్లు చూసుకోండి.

తేమ 55కు దిగగానే తనంతట తాను ఆగే ఏర్పాటు తప్పక ఉండాలి. నీరు నేరుగా మోరీలోకి పోయే గొట్టం ఉంటే ఇంకా మంచిది. తొట్టిలో నీరు నిల్వ ఉంచితే డెంగీ దోమకు మనమే చోటిచ్చినట్టు. మిషన్ నడిచేటప్పుడు కిటికీలు మూయాలి, లేదంటే ఊరి తేమనంతా లాగుతూ కూర్చుంటుంది. అక్టోబరు దాటి గాలి పొడిబారాక మిషన్ ఆపి కిటికీలు తెరవండి. అప్పుడు కరెంటు ఖర్చే లేదు.

ఒక హెచ్చరిక. చెమ్మ పోవాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టకండి. బాలింతల గదిలో అసలే వద్దు. ఆ వాయువుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. ఇంకో మాట. రెండు వారాలు దాటిన దగ్గును ‘నిమ్ములే’ అని వదిలేయకండి. ప్రభుత్వాసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం.

మన అనంతగిరి కొండల్లో నిజాం కాలంలో టీబీ శానిటోరియం కట్టారు. మందులు రాని రోజుల్లో రోగికి గాలీ వెలుతురే వైద్యమని నమ్మేవారు. ఇప్పుడు మందులు వచ్చాయి. అయినా గాలి ఆడని గదిలో టీబీ సులువుగా అంటుకుంటుందన్న సత్యం మారలేదు. డీహ్యుమిడిఫైయర్ నీటిని తీస్తుంది, కొత్త గాలిని తేదు. అందుకే ఆ తండ్రికి నేను చెప్పింది ఇదే: సెల్లార్‌లో పుస్తకాలు, సామాన్లు పెట్టుకోండి, కావాలంటే వాటికి మిషన్ పెట్టండి. బాబు పడక మాత్రం పైకి మార్చండి. ఇన్‌హేలర్ ఆపకండి.

ఆయనకు మార్చడానికి పైన గది ఉంది. మరి మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పార్కింగ్ పక్కన గదిలో ఉండే వాచ్‌మన్ పిల్లల మాటేమిటి? తెరిచి ఉన్న ఆ సెల్లార్‌లో ఏ మిషనూ పనిచేయదు. ఈసారి అసోసియేషన్ మీటింగ్‌లో లిఫ్ట్, సీసీ కెమెరాలతో పాటు ఆ గది సంగతి కూడా ఎత్తండి. పైన ఒక గది, లేదా కనీసం ఎదురెదురుగా రెండు కిటికీలు, కారని గోడ. ఒక ఇల్లు భరించలేని ఖర్చు ఇరవై ఇళ్లకు భారం కాదు. ఆ పిల్లలూ వానాకాలంలో మా ఓపీకే వస్తారు. మందు రాసిచ్చి పంపిస్తే, వాళ్లు తిరిగి వెళ్లేది ఆ గదికే.