రంగు గీకే కుర్రాళ్లకు ఒక షెడ్డు కావాలి

పార్వతీపురం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి,

రోడ్లు వేయమని, డోలీ మోతలు తప్పించమని మీకు అర్జీలు వస్తూనే ఉంటాయి. ఇది బైకుల రంగు గురించిన అర్జీ. నవ్వొచ్చినా సరే, చివరిదాకా చదవండి.

గుమ్మలక్ష్మీపురంలో బైకు లేనిదే రోజు గడవదు. జీడిపిక్కల బస్తా సంతకు రావాలన్నా, జ్వరంతో ఉన్న పిల్లను భద్రగిరి ఆసుపత్రికి చేర్చాలన్నా అదే దిక్కు. 2018లో గిరిజన ప్రాంతాలకు ప్రభుత్వం ఇచ్చిన 122 ఫీడర్ అంబులెన్సులూ బైకులే. ఇన్ని బళ్లున్న చోట మెకానిక్కులు తయారవుతారు, వాళ్ల వెనకే షోకులూ వస్తాయి. ఇప్పటి షోకు ఏమిటంటే, పాత బుల్లెట్ తెచ్చి ట్యాంకు, మడ్‌గార్డుల రంగంతా ఊడదీసి, ఇనుమును ఇనుములాగే మెరిపించడం. దాన్ని మానమని నేననను. చేతిలో పనున్న గిరిజన కుర్రాడికి నాలుగు డబ్బులొచ్చే దారి అది. చేసే తీరే ప్రాణం మీదికి తెచ్చేలా ఉంది.

రేకుల షెడ్డు. వాన జల్లు కొడుతుందని ముందు పట్టా దించేసి ఉంటుంది. గోనెసంచి మీద ట్యాంకు పెట్టుకుని, కుర్రాడు గొంతుక్కూర్చుని బ్రష్షుతో రంగు ఊడదీసే రిమూవర్ పూస్తాడు. ఆరిపోకుండా పైన పాలిథిన్ కవరు కప్పుతాడు. పావుగంటలో రంగు కాగిన పాల మీద మీగడలా ముడతలు పడి లేస్తుంది. పుట్టీ బ్లేడుతో గీకి, మిగిలింది ఎమరీ పేపరుతో తోమి, నీళ్లు కొట్టి కడిగేస్తాడు. ముక్కుకు తువ్వాలు, చేతులకు ఆసుపత్రి గ్లవుజులు. తువ్వాలు ఆవిరిని ఆపదు. ఆ గ్లవుజుల్లోంచి మందు నిమిషాల్లో చర్మానికి దిగిపోతుంది.

ఘాటైన రిమూవర్లలో తరచుగా ఉండేది మిథిలీన్ క్లోరైడ్. అది 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెలలో రేకుల కింద దానికి వేరే పొయ్యి అక్కర్లేదు. దాని ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారున, గొంతుక్కూర్చున్న మనిషి ముఖం దగ్గరే పేరుకుంటుంది. ఒంట్లోకి పోయాక కొంత భాగం కార్బన్ మోనాక్సైడ్‌గా మారి, రక్తంలో ఆక్సిజన్ ఉండాల్సిన చోటును ఆక్రమిస్తుంది. అమెరికాలో 1980-2018 మధ్య దీనికి కనీసం 85 మంది బలయ్యారు, ఎక్కువమంది పనిలో ఉండగానే. అక్కడ 2019లో రంగు ఊడదీసే ఈ మందును మామూలు జనానికి అమ్మకుండా ఆపేశారు. మన సంగతి ఇంకా సున్నితం. సికిల్ సెల్ జబ్బు నిర్మూలనకు 2023లో కేంద్రం మిషన్ మొదలుపెట్టింది ముఖ్యంగా మనలాంటి గిరిజన ప్రాంతాల కోసం. ఆ జబ్బుతో ఆక్సిజన్ మోయడానికే రక్తం అవస్థపడే మనిషికి ఈ ఆవిరి తగిలితే ఏమవుతుందో మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక గీకిన పొట్టు. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. అది ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులకే. బళ్ల రంగులు దాని కిందికి రావు. పాత బండి పొట్టులో సీసం ఉండొచ్చు. కడిగిన నీళ్లు కాలువలో పడి గెడ్డలో కలుస్తాయి. పశువులు తాగేది ఆ గెడ్డలోనే.

అందుకే అడుగుతున్నాను, మండలానికంతటికీ కలిపి ఒక షెడ్డు కట్టించండి. గాలి బాగా ఆడాలి, ఎగ్జాస్టు ఫ్యాను, కంప్రెసరు, గాలి ఒత్తిడితో పొడి చిమ్మి రంగు ఊడదీసే మూత ఉన్న బ్లాస్టింగ్ పెట్టె ఉండాలి. ఇసుక మాత్రం వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు సిలికోసిస్ తెస్తుంది. వంటసోడాతో కూడా రంగు ఊడుతుంది. 1980లలో న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహాన్ని బాగుచేసినప్పుడు లోపలి రాగిరేకులకు పట్టిన తారును సోడా చిమ్మే వదిలించారు.

షెడ్డుతోపాటు నాలుగు రోజుల శిక్షణ పెట్టించండి. పెట్రోలు వంపేసిన ట్యాంకులోనూ ఆవిరి ఉంటుందని, దాని దగ్గర హీట్ గన్ పెట్టకూడదని నేర్పాలి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుందని, ఇంజిన్ కేసులకు వాడకూడదని చెప్పాలి. గ్రైండింగ్ మిషన్ ఛాసిస్ నంబరు మీదికి పోతే కుర్రాడు కేసులో ఇరుక్కుంటాడు. రంగు మారితే ఆర్సీలోనూ మార్పించుకోవాలి. క్లియర్ కోట్ కొట్టని ఇనుము మన వానలకు రాత్రికి రాత్రే తుప్పెక్కుతుంది. గీకిన పొట్టును డ్రమ్ముల్లో పట్టి పరవాడలోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపే ఏర్పాటూ మీరే చేయాలి. ఒక్కో మెకానిక్కు వల్ల అయ్యే పని కాదది.

షెడ్డు లేవడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఒక సంతరోజున ఆసుపత్రి సిబ్బందిని మెకానిక్ షెడ్లవైపు పంపండి. పట్టా ఎత్తేసి, ఆరుబయట గాలి ఆడేచోట నిలబడి పనిచేయమని, తల తిరిగితే ఎండదెబ్బ అని సరిపెట్టుకోకుండా వెంటనే లేచి దూరంగా పొమ్మని చెప్పించండి. సవర కుర్రాళ్లకు సవర భాషలోనే చెప్పించండి. దానికి నిధులూ అక్కర్లేదు, జీవోలూ అక్కర్లేదు. వచ్చే సంతకే చేయొచ్చు.

ఇట్లు,
గుమ్మలక్ష్మీపురం వాసి