ముందుగా పుచ్చుకొన్న సొమ్ము

గత సంవత్సరము క్రిస్మసు సెలవులకు ముందు మేము తొమ్మిదవ తరగతి బాలబాలికలను నాగార్జునసాగరమునకు విహారయాత్రకు గొనిపోవ నిశ్చయించి, తలకింత యని సొమ్ము వసూలు చేసి, ఒక బస్సు యజమానికి ముందుగానే చెల్లించితిమి. ఆయన అడిగిన బాడుగ తక్కినవా రడిగినదానికంటె తక్కువ. అందుచే మా తెలివికి మేమే సంతసించితిమి. బయలుదేరవలసిన నాడు తెల్లవాఱుజామున నాలుగు గంటలకే పిల్లలు పులిహోర పొట్లములతో పాఠశాల వాకిట చేరిరి. ప్రొద్దెక్కినను బస్సు రాలేదు. విచారింపగా, మేమిచ్చిన సొమ్మును ఆయన అంతకు పూర్వమే వేఱొకరి యాత్రకు డీజిలు క్రిందను, పాత బాకీల క్రిందను వ్యయపఱచెననియు, మా యాత్రకు డీజిలు కొనుటకై మఱియొకరి సొమ్ముకు ఎదురు చూచుచుండెననియు తెలియవచ్చెను. కూరగాయలమ్ముకొని పిల్లవానిని చదివించుచున్న ఒక తల్లి మాతో, "మాస్టరుగారూ, మేము సొమ్ము మీ చేతికిచ్చినాము గాని ఆ బస్సాయన చేతికి ఇయ్యలేదు గదండీ" అనెను. దానికి మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. ఉపాధ్యాయులమందఱము మా జీతములనుండి మూడు నెలలలో ఆ సొమ్ము తీర్చితిమి.

ఈ చిన్న సంగతినే వేయింతలు పెద్దది చేసి చూచినచో, ఇంగ్లండు దేశమున 1974వ సంవత్సరమునందు కూలిపోయిన కోర్ట్ లైన్ అను విమానసంస్థ చరిత్ర యగును. మా పొరపాటును ఆలోచించుకొనుచు ఆ చరిత్రను చదివినందున, దానిని విద్యార్థులకును తలిదండ్రులకును తెలుపుట మేలని తోచినది.

విహారయాత్రలకై విమానమును మొత్తముగా బాడుగకు కుదుర్చుకొని, ప్రయాణము, బస, భోజనము అన్నియు ఒకే వెలకు అమ్ము వ్యాపారము ఇంగ్లండులో రెండవ ప్రపంచ యుద్ధానంతరము వృద్ధిపొందెను. 1950లో వ్లాడిమిర్ రైట్జ్ అను నాయన తన హొరైజన్ సంస్థ పక్షమున కార్సికా ద్వీపమునకు ఇట్టి యాత్రను నడిపెను. అన్నియు కలిపి వెల 32 పౌనుల 10 షిల్లింగులు, బస గుడారములలో. తరువాతి ఇరువది సంవత్సరములలో స్పెయిను దేశపు సముద్రతీరములు ఆంగ్లేయ కార్మికులతో నిండిపోయెను. వానయు మంచును తప్ప ఎఱుగని మిల్లు కూలివాడు ఏటికొక పక్షము దినములు ఎండలో, నీలపు సముద్రపు టొడ్డున కూర్చుండగలిగెను. ఇది నిందింపదగినది కాదు. ధనికుల భోగము సామాన్యునికి అందుట మంచిదే యని మా యభిప్రాయము.

కోర్ట్ లైన్ మొదట ఓడల వ్యాపారసంస్థ. అది ల్యూటన్ పట్టణమందలి ఆటెయిర్ అను విమానసంస్థను కొని, 1970లో దానికి తన పేరు పెట్టెను. తెల్లని విమానములకు మాఱుగా గులాబి, నారింజ, ఊదా మొదలగు రంగుల విమానములు ఆకాశమున కనబడజొచ్చెను. వ్యయము తగ్గించుటకు వారనేక యుపాయములు పన్నిరి. భోజనము వడ్డించు శ్రమ లేకుండ ప్రతి ఆసనపు వీపునందును రెండు అఱలమర్చి, ఒకదానిలో పోవువారి భోజనమును, తాళము వేసిన రెండవదానిలో అదే విమానమున తిరిగివచ్చువారి భోజనమును ఉంచుచుండిరి. పోవువారిలో కొందఱు చమత్కారులు ఆ రెండవ అఱను గూడ తెఱచి తినివేయుచుండిరని చెప్పుదురు. ఈ ముచ్చట విని నవ్వుకొందుము గాని, ఆ సంస్థవారి లెక్కల పుస్తకములో జరిగినదియు ఇదియే.

ఎట్లనగా: వేసవి యాత్రకు జనులు శీతకాలముననే పేర్లు వ్రాయించుకొని బయానా చెల్లింతురు, ప్రయాణమునకు ముందే తక్కిన వెలయు ఇత్తురు. విమానపు చమురు ఖర్చు, హోటలు బాకీలు వేసవిలో వచ్చును. కనుక కొన్ని నెలలపాటు వ్యాపారి పెట్టె నిండియుండును. అది లాభము కాదు. ఇంకను చేయని పనికి పుచ్చుకొన్న ఋణము. కాని పెట్టె తెఱచినపుడు ఋణపు రూపాయికిని లాభపు రూపాయికిని రంగు భేదము కనబడదు. నిరుటి నష్టమును ఈ యేటి సొమ్ముతో పూడ్చుటయు, ఈ యేటి జనులను మఱింతమందిని రప్పించుటకు వెల ఇంకను తగ్గించుటయు, అందువలన నష్టము మఱింత పెరుగుటయు సంభవించును. కోర్ట్ లైన్ విమానములను మిక్కుటముగా బాడుగకు తీసికొనుచుండిన క్లార్క్‌సన్స్ అను యాత్రాసంస్థ ఇట్లే వెలలు తగ్గించి తగ్గించి నష్టముల పాలయ్యెను. అది మునిగినచో తన విమానములకు పని యుండదని భయపడి, 1973లో కోర్ట్ లైన్ దానిని తానే స్వీకరించెను. మునుగువానిని పట్టుకొన్న వానికి ఈత వచ్చినను ప్రయోజనమేమి?

ఆ సంవత్సరముననే సుమారు 400 మంది కూర్చుండదగిన ట్రైస్టార్ విమానములు రెండు తెప్పించిరి. అంతలో అక్టోబరు మాసమున పశ్చిమాసియా యుద్ధము వచ్చి, కొలది నెలలలో ముడి చమురు వెల ఇంచుమించు నాలుగింతలయ్యెను. మూలుగుచున్న నక్కపై తాటిపండు పడినట్లాయెను. ఇంగ్లండులో బొగ్గుగనుల కార్మికుల వివాదము వలన 1974 ఆరంభమున కర్మాగారములు వారమునకు మూడు దినములే పనిచేసెను. విహారయాత్ర మాట తలపెట్టువారే తగ్గిరి. అట్టి కాలమున కోర్ట్ లైన్ రైట్జ్ స్థాపించిన హొరైజన్‌ను గూడ తనలో కలుపుకొనెను.

జూన్ మాసమున ప్రభుత్వము ఆ సంస్థయొక్క నౌకానిర్మాణశాలలను తాను తీసికొనునని ప్రకటించెను. పరిశ్రమల మంత్రి టోనీ బెన్ పార్లమెంటులో చెప్పిన మాటలను బట్టి ఆ వేసవి యాత్రలకు భయము లేదని జనులు నమ్మి, ఇంకను సొమ్ము చెల్లించుచునే యుండిరి. ఆగస్టు 15వ తేదీన, మనము స్వాతంత్ర్యదినోత్సవము జరుపుకొను దినముననే, సంస్థ కూలెను. వేలకొలది జనులు పరదేశపు హోటళ్లలో చిక్కుకొనిరి. వారిని ఇతర విమానములపై ఇండ్లకు చేర్చిరి. కాని సొమ్ము చెల్లించి ఇంకను బయలుదేరనివారి గతి యేమి? సంస్థలు ముందుగా పూచీకట్టిన సొమ్ము చాలలేదు. 1975లో పార్లమెంటు ఒక శాసనము చేసి, ప్రభుత్వపు టప్పుతో ఒక నిధి నేర్పఱచి, వారికి సొమ్ము తిరిగి యిప్పించెను. ఆ యప్పును తీర్చుటకై తరువాతి యాత్రికుల వెలపై కొంత పన్ను విధించిరి. అనగా అగ్గువ ప్రయాణపు అసలు వెలను తుదకు తరువాతివారు చెల్లించిరి. రెండవ అఱలోని భోజనము మరల తినబడెను.

కొందఱు, "చమురు వెల పెరుగుట సంస్థ దోషమా?" అని యడుగుదురు. కాదు. కాని అన్ని విమానములకును చమురు వెల పెరిగినది, అన్నియు కూలలేదు. గాలివాన వచ్చినపుడు చెదలు తిన్న దూలమే ముందు విఱుగును. మఱికొందఱు, "యాత్రికుల సొమ్ము తాకరాదని నిర్బంధించినచో వెలలు పెరిగి బీదవాడు ప్రయాణము చేయజాలడు" అందురు. ఈ యాక్షేపణలో కొంత సత్యము గలదు. ఐనను, బీదవానికి ఒక పౌను అధికముగా ఇచ్చి తప్పక పోవుట మేలా, ఒక పౌను తక్కువకు ఆశపడి ఏడాది కూడబెట్టినదంతయు పోగొట్టుకొనుట మేలా? ఉన్నవాడు మఱుసటి యేడు మరల పోగలడు. లేనివానికి మఱుసటి యేడు లేదు. కావున యాత్రికుల సొమ్మును, యాత్ర ముగియువఱకు, వ్యాపారి పెట్టెలో గాక వేఱొక నమ్మకమైన చోట నుంచవలెనని మా దృఢమైన యభిప్రాయము.

ఒక్క సంస్థను మాత్రమే నిందించుట మా యుద్దేశము కాదు. ల్యూటన్‌లోనే పుట్టిన మోనార్క్ విమానసంస్థ 2017 అక్టోబరులో కూలెను. 1841లో మద్యపాన నిషేధ సభకు జనులను రైలులో గొనిపోయి థామస్ కుక్ ప్రారంభించిన వ్యాపారము సైతము, అప్పుల భారముచే 2019 సెప్టెంబరులో మూతపడెను. సుమారు 1,50,000 మందిని ప్రభుత్వము ఇండ్లకు చేర్పవలసివచ్చెను. ప్రసిద్ధమైన పేరుగాని, దీర్ఘమైన చరిత్రగాని పూచీ కాదనుటకు ఇది చాలును.

ఇక మన పాఠశాల మాట. ఇకమీదట విహారయాత్రల సొమ్మును ప్రధానోపాధ్యాయుల పేరనొకటి, తలిదండ్రులలో నొకరి పేరనొకటి, రెండు సంతకములు లేనిదే తీయరాని బ్యాంకు ఖాతాలో నుంచవలెను. బస్సు యజమానికి నాలుగవ వంతుకంటె ముందుగా ఈయరాదు; తక్కినది పిల్లలు ఇండ్లు చేరిన పిదప నీయవలెను. లెక్క నోటీసుబోర్డుపై నుండవలెను. దీనికొప్పుకొను యజమాని కొంచెము అధికముగా నడిగినచో, ఆ యధికమును సంతోషముతో నిత్తము.

విద్యార్థులారా, మీలో తరగతి నాయకులుగా నుండి బంతికొఱకు చందాలు వసూలు చేయువారున్నారు. సాయంకాలము ఆకలివేసినపుడు ఆ సొమ్ములో రెండు రూపాయలు తీసి, "రేపు మరల వేసెదను గదా" అనుకొనుట సులభము. కోర్ట్ లైన్‌వారును దొంగలు కారు. వారును "రేపు మరల వేసెదము" అనుకొన్నవారే.

ఈ యేడును సాగరయాత్రకు పేర్లు వ్రాయుట ప్రారంభించితిమి. ఆ కూరగాయల తల్లి మరల సొమ్ము తెచ్చి, ముడి విప్పుచు, "ఈసారి ఎవరి చేతికిచ్చుచున్నామండీ?" అని యడిగినది. పైని చెప్పిన యేర్పాటు జరిగినపుడే ఆమెకు నిజమైన యుత్తరమీయగలము.