ఏలీయాకు ముందు రొట్టె, నిద్ర

మద్యం, గంజాయి మానేస్తానని మోకాళ్లూనిన యువకుడి తలపై చేతులుంచి, ప్రార్థించి పంపేస్తాం. మార్టూరు వంటి పత్తి, మిరప పల్లెల సంఘాల్లో మనం చేసేది తరచూ ఇంతే. ఆ రాత్రి నిద్రపట్టక, చేతులు వణికి, అతడు మళ్లీ తాగితే అవిశ్వాసమంటాం!

బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవుడు మందలించలేదు. దూత రొట్టె, నీళ్లిచ్చాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. హోరేబుకు నలభై దినాల నడక ఆ తర్వాతే.

రోజూ తాగేవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు రావచ్చు. కనుక ముందు డాక్టరు. ఆపైన రోజూ నడక, నిదానంగా పీల్చి వదిలే శ్వాస. మత్తు కోరిక రేగిన ఆ కొద్ది నిమిషాలు దాటడానికి అవి తోడ్పడతాయి. శ్వాస సాధన అన్యాచారమని కొందరు విశ్వాసులు జంకుతారు. ఆదాము నాసికల్లో ఊపిరి ఊదినదెవరు?

రేపు తెల్లవారుజామున మిరప చేల దారిలో ఆ యువకుడి వెంట నడవడానికి మన సంఘంలో ఎవరొస్తారు?