కాటాకున్న కట్టడి కంప్యూటరుకు లేదా?

యాప్రాల్: కిరాణా కొట్టు కాటాకు తూనికల శాఖ ముద్ర ఊరికే పడదు. చిన్న రాయితో మొదలుపెట్టి, అది మోయగల నిండు బరువు వరకు ఎత్తి చూస్తారు. దేశానికంతటికీ బంగారం, వెండి వాయిదా ధరలు చెప్పే ఎం.సి.ఎక్స్. కంప్యూటరుకు ఈ నిండు బరువు పరీక్ష చాలలేదనే చెప్పాలి.

2025 అక్టోబర్ 28న ఉదయం 9కి తెరవవలసిన విపణి మధ్యాహ్నం 1.25కి గాని తెరచుకోలేదు. ఖాతాదారుల కోడ్‌ల వంటి వివరాలకు సాఫ్ట్‌వేర్‌లో ముందే పెట్టిన పరిమితి దాటిపోయిందట. ఖాతాలు ఒక్క రాత్రిలో పెరగవు గదా!

2020 ఏప్రిల్ 20 అనుభవం మరీ చేదు. న్యూయార్క్‌లో ముడిచమురు బ్యారెల్ మైనస్ 37.63 డాలర్లకు దిగజారింది. సున్నాకు దిగువ ధరలను పరీక్షించుకునే వీలు అక్కడి సి.ఎం.ఇ. తన సభ్యులకు ఐదు రోజుల ముందే కల్పించింది. మన సాఫ్ట్‌వేర్‌కు మైనస్ ధరే తెలియదు. పైగా లాక్‌డౌన్ వేళల ప్రకారం ట్రేడింగ్ సాయంత్రం 5కే ముగిసింది. తీరా కొన్నవారి నెత్తిన పడిన పరిష్కార ధర మైనస్ 2,884 రూపాయలు.

2023 అక్టోబర్ 16న కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారేముందు మాక్ ట్రేడింగులు జరిపిన మాట నిజమే. కాని మామూలు రోజును అనుకరిస్తే చాలదు. ఖాతాలు రెట్టింపయినట్లు, ధర సున్నా దాటినట్లు ఉత్తుత్తి లెక్కలు వేసి చూడాలి. ఫలితాలను బ్రోకర్లకే కాక వర్తకులకూ వెల్లడించాలి. ఆనాడు నాలుగు గంటలకు పైగా కొనలేక, అమ్మలేక కూర్చున్నది వారే.