చీకటికి సగం వాటా

టీవీ కొనబోయినప్పుడు మనలో చాలామంది చూసేది వెలుగునే. అంగడిలో వరుసగా నిలబెట్టిన తెరలలో ఏది ఎక్కువ మెరిస్తే అదే ఇంటికి వస్తుంది. ఆ మెరుపు ఇంట్లో ఏమి పాడు చేస్తుందో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. వీడియో గేములు ఆడే ఇళ్ళలో ఇది నా ఒక్కడి పొరపాటు కాదని తెలిసింది గనుక ఈ నాలుగు మాటలు.

డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి ఎల్డెన్ రింగ్ (2022) ఆడుతుంటే పక్కన కూర్చుని చూడడం నాకు అలవాటు. దివిటీ లేనిదే దారి కానరాని గుహలు ఆ ఆటలో ఉన్నాయి. మా హాలులో మాత్రం అవి గుహల్లాగా ఉండేవి కావు. పడమటి కిటికీలోంచి ఎండ, నెత్తిమీద ట్యూబులైటు. వాటి మధ్య తెర మరీ నల్లగా ఉందని నేనే రిమోటు అందుకుని చిత్రాన్ని 'వివిడ్' అమరికలో పెట్టాను. ఆటలో వెలుగును పెంచే గీతను కుడివైపు చివరిదాకా జరిపించాను. గుహ అంతా బూడిద పూసినట్టు తేటతెల్లమయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఇక్కడ హెచ్‌డీఆర్ అంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. పాత పద్ధతిలో చిత్రాన్ని 100 నిట్ల వెలుగు లెక్కన తయారు చేసేవారు. ఆ పైన తెర ఎంత వెలిగితే చిత్రం అంతకు సాగేది. హెచ్‌డీఆర్‌కు ఆధారమైన పీక్యూ అనే కొలమానం 2014లో ప్రమాణంగా వెలువడింది. అది సున్నా నుండి 10,000 నిట్ల దాకా ప్రతి మెట్టుకూ ఇంత వెలుగు అని కచ్చితంగా నిర్ణయించింది. హెచ్‌డీఆర్10 పద్ధతిలో అటువంటి మెట్లు ఒక్కొక్క రంగుకు 1,024.

ఈ మెట్లను పంచిన తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. 10,000 నిట్లలో 100 నిట్లు అంటే నూటికి ఒక వంతు. కాని మెట్లలో సుమారు సగం ఆ ఒక్క వంతుకే కేటాయించారు! 100 నుండి 1,000 దాకా పావు వంతు, ఆ పైన 10,000 దాకా మిగిలిన పావు. కారణం మన కన్నే. మండుటెండలో దీపం వెలిగించినా గుర్తించని కన్ను, చీకటి గదిలో తలుపు సందులోంచి పడే వెలుగు గీతను ఇట్టే పట్టేస్తుంది. కొలమానం కట్టినవారు కంటిని అనుసరించి చీకటికి సగం వాటా రాసిచ్చారు. మనమేమో హెచ్‌డీఆర్ అంటే కళ్ళు మిరుమిట్లు గొలపడమనుకుని ఆ వాటాను చేజేతులా చెరిపేస్తున్నాము.

ఇక అమరికల సంగతి. ఆట వడ్డించేవాడు, టీవీ విస్తరి అనుకుందాం. విస్తరి ఎంతదో వడ్డించేవాడికి తెలియాలి. ఉన్నదానికంటే పెద్దదని చెబితే అన్నం అంచులు దాటి నేలపాలవుతుంది. అంటే మబ్బుల అంచులు, మంటలోని నాలుకలు కరిగిపోయి ఒకే తెల్లమచ్చ మిగులుతుంది. చిన్నదని చెబితే తెరకున్న శక్తి వృథా. ప్లేస్టేషన్ 5 హెచ్‌డీఆర్ సర్దుబాటులో వచ్చే మూడు తెరలు అడిగే ప్రశ్న ఇదే. మొదటి రెండూ మీ టీవీ గరిష్ఠంగా ఎంత వెలగగలదని, మూడవది కనిష్ఠంగా ఎంత నల్లబడగలదని అడుగుతాయి. గుర్తు కనీకనిపించకుండా ఉన్నచోట ఆగాలి. ఎక్స్‌బాక్సులోనైతే గళ్ళు మాయమైనచోట ఆగాలి. ఇవి మన ఇష్టాయిష్టాల గురించిన ప్రశ్నలు కావు, టీవీ సత్తా గురించినవి. జవాబులో నిజాయితీ ఉంటే చాలు.

చిక్కేమిటంటే, మనం నిజం చెప్పినా టీవీ చెప్పనివ్వదు. తన శక్తికి మించిన వెలుగు వస్తే దానిని తనకు పట్టేట్టు కుదించుకునే ప్రక్రియ దానికి ఉంది. దానినే టోన్ మ్యాపింగ్ అంటారు. సినిమాకు అది అవసరమే. కాని ఆట అప్పటికే మన టీవీకి తగినట్టు చిత్రాన్ని కుదించి పంపుతుంది. టీవీ దానినే మళ్ళీ సవరిస్తే, ఇద్దరు వంటవాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు ఉప్పు వేసిన పులుసవుతుంది. సర్దుబాటు తెరమీది గుర్తు కూడా మాయం కావలసినచోట మాయం కాదు, మనం తప్పు అంకె ఇచ్చేస్తాము. అందుకే సోనీ, మైక్రోసాఫ్ట్, టీవీ తయారీదారులు కలిసి ఏర్పరచుకున్న హెచ్‌జీఐజీ అనే బృందం, కుదింపు ఆటకే వదిలేసి టీవీ ఊరుకోవాలని సూచించింది. కొన్ని టీవీలలో ఆ పేరుతోనే ఒక అమరిక ఉంటుంది.

కాబట్టి వరుస ముఖ్యం. ముందు టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి, దృశ్యాన్ని బట్టి వెలుగును మార్చే హంగులన్నీ ఆపి, హెచ్‌జీఐజీ ఉంటే ఎంచుకోవాలి. ఆ తరువాత ఆటయంత్రంలోని సర్దుబాటు. చివరగా ఒక్కొక్క ఆటలోని గీతలు. ఈ వరుస తిరగబడితే చేసినదంతా మళ్ళీ చేయాలి. అన్నిటికంటే ముందు ట్యూబులైటు ఆపాలి, పగలైతే తెర దించాలి. పీక్యూలో చీకటి మెట్టు అంటే నిజంగానే చీకటి. ఎండ పడే హాలులో అది బతకదు. పట్టపగలు ఆడక తప్పనివారు టీవీలో వెలుగు పెంచుకోవచ్చు, అందులో తప్పు లేదు. రాత్రికి మళ్ళీ దించడం మరవకూడదు, అంతే.

"నా టీవీ, నా కళ్ళు, మధ్యలో నీకేమిటి?" అని అడిగేవారున్నారు. చూపు మందగించినవారు వెలుగు పెంచుకుంటే నేనెవరిని కాదనడానికి? నా అభ్యంతరం తెలిసి చేసే మార్పు గురించి కాదు. అంగడి మెరుపు కోసం కూర్చిన అమరికనే అసలు చిత్రమనుకుని ఏళ్ళు గడపడం గురించి.

తప్పంతా ఆడేవారి మీదకు నెట్టడమూ న్యాయం కాదు. 2018 అక్టోబరులో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 అంత పేరుమోసిన ఆట. అందులో హెచ్‌డీఆర్ చప్పగా ఉందని ఆటగాళ్ళు మొత్తుకుంటే, 2019 మేలో గేమ్, సినిమాటిక్ అని రెండు పద్ధతులు చేర్చారు. తయారుచేసినవారికే తడబాటు ఉన్నచోట సామాన్యుడు ఏం చేస్తాడు? తెర తన సత్తా ఎంతో తానే యంత్రానికి చెప్పుకునే ఏర్పాటు ఎప్పుడో ఉండవలసింది. 2022 జనవరిలో ప్రకటించిన హెచ్‌డీఎమ్ఐ 2.1ఏ అటువంటి దారి ఒకటి చూపింది. ప్రతి ఇంటిలోనూ ఆ సదుపాయం వచ్చేదాకా ఈ పది నిమిషాల శ్రమ మనకు తప్పదు.

ఇదంతా చదివి తెలుసుకున్నాక ఒక రాత్రి దీపాలార్పి, చెప్పిన వరుసలోనే అన్నీ సర్దాను. మా వాడు పాత గుహ ఒకదానిలోకి వెళ్ళి రెండడుగుల్లో ఆగిపోయాడు. ఏమీ కనిపించలేదు. సంచి వెతికి దివిటీ వెలిగించాడు. గోడమీద తడి మెరిసింది, నీడ కదిలింది. "నాన్నా, ఈ దివిటీ ఎందుకిచ్చారో ఇన్నాళ్ళూ అర్థం కాలేదు" అన్నాడు. వాడు అప్పటికే ఆ ఆటను ఒకసారి పూర్తి చేశాడు. ఎన్ని అమరికలు మార్చినా ఆ గుహలను మొదటిసారి చూడడమనేది వాడికి ఇక లేదు. అది నా చేతిలో రిమోటు వల్ల పోయింది.

మీ ఇంట్లో కొత్త ఆట మొదలుపెట్టబోయే పిల్లలుంటే, ముందు ఒక పది నిమిషాలు అడిగి తీసుకోండి.