మిరియడ్ అంటే ఎన్ని?

పోయినేడు ఇంగ్లీషు వ్యాసరచన పోటీలో "రైతుకు మిరియడ్ సమస్యలు" అని రాసి బహుమతి కొట్టాను. ఇంట్లో చదివి అర్థం చెప్పబోతే నాన్న, "అంటే ఎన్నిరా?" అన్నాడు.

గ్రీకులో ఆ మాటకు అసలర్థం 10,000. ఇంగ్లీషులో అరిగి అరిగి 'లెక్కలేనన్ని' అయింది. జిలియన్ అయితే పుట్టుకతోనే ఏ సంఖ్యా కాదు. (మన కోకొల్లలూ అంతేననుకోండి!) కానీ 12 గ్రాముల కార్బన్‌లో దాదాపు 6.022×10²³ పరమాణువులని లెక్కగట్టే సైన్సు విద్యార్థి, అప్పుల దగ్గరకొచ్చేసరికి మిరియడ్ అనడం తప్పించుకోవడమే.

నాన్న ధాన్యం కొలిచేటప్పుడు ఒకటికి బదులు 'లాభం' అంటాడు. ఆపైన రెండు, మూడు... ఒక్కటీ తప్పిపోనివ్వడు. ఆ రాత్రి వేళ్ళు మడిచి చెప్పాడు: విత్తనాల బాకీ, ఎరువుల బాకీ, కోతకూలి, తరుగు పేరిట బస్తాకు రెండు కిలోలు. నాలుగు. నా వ్యాసంలో వాటిలో ఒక్కటీ లేదు.